గోడ వద్దన్న గోగులమ్మ తల్లి

గోగులమ్మ తల్లి దర్శనానికి వచ్చిన భక్తులు ఇక్కడ రెండు విషయాలకు ఆశ్చర్యపోతారు. ఇంత పేరున్న అమ్మకు ప్రహరీ గోడ లేదు. గాలీ దుమ్మూ లేగదూడలూ నేరుగా అమ్మ పాదాల దగ్గరికే వచ్చేస్తాయి. రెండవది, ఆడవారికి తీర్థం ఉద్ధరిణెతో పోయరు, నిండు చెంబుతో ఇస్తారు. మా అత్తగారు చెప్పగా విన్న కారణం, నాకు నాలుగు అక్షరాలు వచ్చు కనుక, మీ కోసం రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ కనుచూపు మేరా గోగుచేలే. నిలువెత్తు గోగుమొక్కల నడుమ వెలసింది కాబట్టి అమ్మకు ఆ పేరు. ఊరి ఆడవాళ్లు బహిర్భూమికి వెళ్లాలన్నా ఆ చేలే చాటు. గోగు కోసేశాక ఆ చాటు పోయేది. మళ్లీ పైరు లేచేదాకా పగలంతా ఓర్చుకునేవారు. ఓర్చుకోవడం కోసం నీళ్లు తాగడం మానేసేవారు.

ఒక వేసవిలో ఊరి పెద్ద గౌరునాయుడు అమ్మకు గోడ కట్టిస్తానని మొక్కుకుని ఇటుకలు కాల్పించాడు. గోడ నడుమెత్తు లేచింది, కూలింది. మళ్లీ కట్టారు, మళ్లీ కూలింది. మూడోసారీ అంతే.

"మేకపోతు తక్కువైనట్టుంది" అన్నాడు నాయుడు.

మంత్రసాని సింహాలు నవ్వింది. "మూడు పోతుల్ని కోసినారు గదా బాబూ! తక్కువైంది అమ్మోరికా, మీకా?"

అప్పటికి నాయుడి కోడలు తవిటమ్మకు ఏడో నెల. నీళ్లు ముట్టక, మూత్రం మంటతో జ్వరం వచ్చి మంచం పట్టింది. సింహాలు చెంబు అందిస్తే పెదవులు బిగించేది.

"వద్దత్తా. తాగితే ఎక్కడికెల్లీది?"

ఆ మధ్యాహ్నం మంచం పక్కనే సింహాలుకు కునుకు పట్టింది. కలలో గోగుపువ్వు తురుముకున్న పెద్ద ముత్తైదువ కనిపించి, "నాను రాయిని గదే, నాకేటి సిగ్గు? నా బిడ్డ నీల్లు తాగడానికి బయపడతంది. నా గోడ దానికి కట్టండి" అంది.

సింహాలు తిన్నగా ఇటుకల గుట్ట దగ్గరున్న నాయుడి ముందుకు వెళ్లి కల చెప్పింది.

"అమ్మోరి ఇటుకలతో మరుగుదొడ్డి కడతారటే! ఆ పాపం ఎవులికి?" అని నాయుడు కేకలేశాడు.

"నా నెత్తినెయ్యండి బాబూ. తవిటమ్మ పోతే, ఆ పాపం ఎవుల నెత్తినేత్తారు?"

నాయుడు ఇటుకల గుట్ట వైపు తిరిగాడు. తలగుడ్డ చుట్టగా చుట్టి, మొదటి తట్ట తానే ఎత్తుకున్నాడు. వాగుకూ బావికీ దూరంగా లోతైన గొయ్యి తవ్వారు, పైన చల్లడానికి బూడిద తట్ట పెట్టారు, చుట్టూ గోడ లేపారు. చిత్రం, ఆ గోడ కూలలేదు! తలుపు బిగించారని విని తవిటమ్మ చెయ్యి చాచింది. చెంబెడు నీళ్లూ గటగటా తాగి, "ఇంకో చెంబత్తా" అంది. శ్రావణంలో పండులాంటి ఆడపిల్లను కంది.

నేటికీ మొక్కు తీరినవారు ఒక ఇటుక తెచ్చి, అమ్మకు చూపించి, గుడి వెనుక పేరుస్తారు. ఏ ఊళ్లో ఎవరికి మరుగుదొడ్డి లేదో మా ఊరి ఆసుపత్రి నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి రాసుకొస్తుంది. ఆ ఇటుకలు అక్కడికే వెళ్తాయి. నిరుడు ఆడపిల్లల బడికి వెళ్లాయి. గుడి పక్కన భక్తుల కోసం కట్టిన పన్నెండు మరుగుదొడ్డి గదులను వారానికొక వీధివారు కడుగుతారు. తొలివారం నాయుడి వంశానిదే. ఆ వంతు డబ్బిచ్చి ఇంకొకరిచేత చేయించకూడదు.

గోడ లేని ఈ అమ్మ ముందు నీళ్లు తాగిన ఆడపడుచుల కడుపు చల్లగా ఉంటుందని మా నమ్మకం. అందుకే చెంబు అందిస్తూ పూజారిగారి భార్య ప్రతి ఒక్కరికీ మంత్రంలా ఒకే మాట చెబుతుంది:

"పూర్తిగా తాగమ్మా. గది అదిగో, అక్కడే ఉంది."