నూకాలు అరుగు

అనగా అనగా, ఏటికి ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో ఒక రాజుండేవాడు. మంచివాడే పాపం. సొంతిల్లున్నవాడు రాజ్యం విడిచిపోడని ఎవరో చెబితే నమ్మాడు. అడిగినవాడికల్లా జాగా ఇచ్చాడు. అక్కడితో ఊరుకున్నాడా? వానలు పడేలోగా గోడలు లేపుకోనివాడు పొలిమేర దాటిపోవాలని దండోరా వేయించాడు.

ఒక ఊళ్ళో నూకాలని ఉండేది. గోడలకి మట్టి తొక్కడం ఆమె పని. మట్టిగోడ ఒక్కరోజులో లేవదు. ఒక వరస పెట్టి, అది ఆరాకే రెండోది పెట్టాలి. ఎవరి గోడ పెడుతుంటే వాళ్ళ పంచన పడుకునేది, వాళ్ళ గంజే తాగేది. ఆమెకీ జాగా వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక తనదన్న నేల అదొక్కటే. ఆశ పుట్టదూ మరి!

మట్టి కలుపుకుంది. చంటిపిల్లల తల్లి ఒకామె ఏడుస్తూ వచ్చింది. "అత్తా, మాకింకా గోడల్లేవు. ఈ పిల్లల్నెట్టుకుని ఎటెల్లిపోను?"

"నాకేటి తొందర, రేపెట్టుకుంతాను" అని నూకాలు ఆ మట్టితో ఆమె గోడ పెట్టింది.

రెండోసారి కలుపుకుంది. చూపు ఆనని ముసలి కమ్మరి వచ్చాడు. "నాకేటి తొందర, రేపెట్టుకుంతాను" అంది.

మూడోసారి కలుపుకుంది. బాతులు తోలుకుంటూ ఊరూరా తిరిగేవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకామె నిండు చూలాలు. "జాగా మాకెందుకు తల్లీ? నాలుగు దినాలుండి పోతాం. నడుం వాల్చడానికి పొడినేలుంటే చాలు."

నూకాలు తన జాగాలోనే, ఉన్న మట్టంతా గట్టిగా తొక్కి, ఎత్తుగా అరుగు వేసి, పైన తాటాకు కప్పింది. బాతులవాళ్ళు వెళ్ళిపోయారు. వానలు రానే వచ్చాయి. వాటి వెనకే రాజు మనిషి వచ్చాడు.

"గోడలేవి? ఈ అరుగెవరిది?"

"ఎవులు కూకుంతే ఆల్దే బాబూ."

"అలా కుదరదు. దేనికైనా సొంతదారుండాలి. నడు."

నూకాలు వీధంతా చూసింది. ప్రతి గుమ్మంలోనూ మనుషులున్నారు. ఆ గోడలన్నీ ఆమె తొక్కినవే. మాట్లాడితే ఇల్లు పోతుందేమోనని ఒక్కరూ నోరు మెదపలేదు. ఆమె తడుస్తూ వెళ్ళిపోయింది. 

వాన తెరిపివ్వగానే ఊరు సిగ్గుపడి వెతుక్కుంటూ వెళ్ళింది. పొలిమేర అవతల, బాతులవాళ్ళ పాకలో నూకాలు జ్వరంతో కన్నుమూసి ఉంది. చివరి గంజి వాళ్ళే పోశారట.

తిరిగొచ్చి ప్రతి ఇంటివాడూ గడప ముందు ఒక అరుగు వేశాడు. ఇల్లు లేనివాళ్ళంతా వచ్చి వాటిమీద కూర్చున్నారు. రాజు మనిషి గుడ్లురిమాడు. "ఇవెవరివి?"

"గడప లోపలిది మాది బాబూ. బయటది నూకాలుది."

సొంతదారేమో చచ్చిపోయింది. ఇక ఎవర్ని తోలుకుపోతాడు? వచ్చిన దారినే పోయాడు.

ఇప్పుడు ప్రహరీలొచ్చాయి, గేట్లొచ్చాయి, అరుగులు తగ్గిపోయాయి. అయినా ఆ వైపు ఊళ్ళలో, అరుగు మీద కూర్చున్నవాణ్ణి ఎవరు నువ్వని అడగరు. మంచినీళ్ళు కావాలా అని అడుగుతారు.