చుక్కి బిళ్ల కోసం చదివింపులు

ఏటి దిగువన పాడుబడ్డ సున్నపు బట్టీ ఒకటుంది. మనుషులు వదిలేసి పోయాక జంతువులు చేరి అక్కడో ఊరు చేసుకున్నాయి. ఊరన్నాక అందరూ ఉంటారు కదా. నోరెత్తకుండా బరువులు లాగే ఎద్దు వీరన్న ఉన్నాడు. గొప్పలు పోయే గేదె గౌరమ్మ ఉంది. తన గొంతు తనకే ముద్దయిన కోడిపుంజు ఉన్నాడు. ఎవరింట్లో ఏడుపు వినబడినా అందరికంటే ముందు చేరే నక్క జంబయ్య ఉన్నాడు. వీడి సంగతి చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. అయినా చెప్పక తప్పదు.

మేక సూరమ్మకు ఒక్కతే పిల్ల, పేరు చుక్కి. నుదుట తెల్లమచ్చ ఉందని ఆ పేరు. నాలుగు నెలలైనా నిండని ఆ పసిదానికి చక్కెర జబ్బు వచ్చింది. ఊళ్లో ఎవరికీ వేళ్లు లేవు గానీ, ఉంటే అందరూ ముక్కున వేసుకునేవాళ్లే.

"ముసలాళ్లకు కదే వచ్చేది! బెల్లం మేపావా ఏమిటి?" అంది గౌరమ్మ.

"తల్లి తప్పేం లేదు, ఈ జబ్బు పసివాళ్లకూ వస్తుంది," అని కసిరాడు వైద్యుడు వడ్రంగి పిట్ట. తర్వాత సూరమ్మను పక్కకు పిలిచాడు. "చూడమ్మా, తిండికి ముందు సూది పడాలి. సూది పడ్డాక తిండి ఆలస్యం కాకూడదు. అయిందో, చక్కెర దిగిపోతుంది. చూసేవాళ్లకు పిల్ల నిద్రపోయినట్టే ఉంటుంది. నిద్రేలే అనుకుంటే ఇక లేవదు."

"నాకెలా తెలుస్తుంది బాబూ?"

"రెండు గంటలకోసారి చెవి పొడిచి నెత్తురు చుక్క చూడాలి. లేదంటే పట్నంలో ఒక బిళ్ల అమ్ముతారు. భుజానికి అంటిస్తే చాలు, చక్కెర దిగుతుంటే కుయ్ కుయ్‌మని మోగుతుంది. నలభై కుంచాల సజ్జలు అడుగుతారు."

సూరమ్మ దగ్గర నాలుగు కుంచాలు కూడా లేవు. చుక్కి చెవులేమో అప్పటికే పొడిచి పొడిచి జల్లెడైపోయాయి. పొడిచినప్పుడల్లా అది "ఇంకెన్నిసార్లమ్మా?" అనేది. ఇదే ఆఖరుసారి తల్లీ అని సూరమ్మ రోజుకు పదిసార్లు అబద్ధమాడేది.

ఆ సాయంత్రం వీరన్న రెండు కుంచాల సజ్జలు మోసుకొచ్చి గుమ్మం లోపల దించాడు. "ఉంచమ్మా. నా పేరెక్కడా చెప్పకు," అని వెళ్లిపోయాడు. సూరమ్మ ఆ మూట గడ్డి కింద దాచింది.

మర్నాడు జంబయ్య వచ్చాడు.

"చెల్లెమ్మా, గడపగడపకూ తిరిగి అడుక్కుంటావా? ఈ అన్న చచ్చాడనుకున్నావా? సభ పెడదాం, చదివింపులు పెడదాం. కోడిపుంజు పదిమందిలో పేరెత్తి చదివాడంటే రెండిచ్చేవాడు నాలుగిస్తాడు."

"చదివింపులంటే భోజనాలు పెట్టాలి కదన్నా?"

"పెట్టకపోతే ఎలా? చదివించినవాళ్లను ఖాళీ కడుపుతో పంపి ఊళ్లో తలెత్తుకు తిరగ్గలవా? వంట సంగతి మా బావమరిది చూసుకుంటాడులే."

అదీ నిజమేననిపించింది సూరమ్మకు. ఆ ఊళ్లో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

సభ నాడు పందిరి కింద చుక్కి మెడలో దండ వేసి ఎత్తు మీద కూర్చోబెట్టారు. కోడిపుంజు అందుకున్నాడు. "గేదె గౌరమ్మగారు పది కుంచాలూ!" పది అని వినగానే పంది పదకొండు తెచ్చాడు. అలా అలా యాభై మూడయ్యాయి. సూరమ్మకు ఏడుపాగలేదు. ఊరంటే ఇదీ అనుకుంది పిచ్చిది. చదివిన సజ్జలు చదివినట్టే వెనక పొయ్యి దగ్గరికి పోతున్నాయని ఆమె చూడలేదు.

మధ్యాహ్నం వడ్రంగి పిట్ట వచ్చి చుక్కికి సూది వేసి, "వెంటనే తిండి పెట్టు," అని చెప్పి ఇంకో రోగి దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, పిల్లకు సూది పడింది. గుక్కెడు జావ పోయించు," అంది సూరమ్మ.

"రెండు నిమిషాలమ్మా. ముఖ్య అతిథి అడవిదున్నగారు దారిలో ఉన్నారు. ఆయన రాకముందే వడ్డిస్తే ఏం మర్యాద? ఈలోగా దాతలందరికీ ఓ దండం పెట్టిరా, బాగుంటుంది."

ఇంత చేస్తున్నవాళ్ల మాట ఎలా తీసేస్తుంది? వెళ్లింది. వరస తర్వాత వరస దండాలు పెట్టుకుంటూ పోయింది. ఎత్తు మీద చుక్కి తల మెల్లగా దండ మీదికి వాలింది.

"పాపం, అలిసిపోయింది. పడుకోనివ్వండి," అంది గౌరమ్మ జాలిగా. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

అడవిదున్నగారు వచ్చారు, శాలువా కప్పించుకున్నారు, మాట్లాడారు. అప్పుడు వెనకనుంచి వీరన్న రంకె వేశాడు. "సూరమ్మా! పిల్ల చెవి కదలడం లేదే!"

సూరమ్మ పరుగెత్తింది. ఎవరో పాయసం తెచ్చి పెదాలకు రాశారు. చుక్కి మింగలేదు. ఇంకేం చెప్పను? బిళ్ల ఉంటే మోగేది. లేదు, మోగలేదు.

భోజనాలు మాత్రం ఆగలేదు. వండింది పారబోస్తారా?

మూడో రోజు సూరమ్మ గుమ్మం ముందు ఊరందరూ చేరినప్పుడు జంబయ్య లెక్క చెప్పాడు. వంటకింత, పందిరికింత, శాలువాలకింత. "ఇంకా నువ్వే అయిదు కుంచాలు బాకీ తేలావు చెల్లెమ్మా. నేనడగనులే. ఇంతకీ పదకొండో రోజు సంతాప సభ పెడదాం."

"పేర్లు చదువుతారా?" అంది గౌరమ్మ. కోడిపుంజు గొంతు సవరించుకున్నాడు.

అప్పుడే కుక్క రాములమ్మ తన పిల్లను నోట కరుచుకుని వచ్చింది. "సూరమ్మక్కా, మూడు రోజులనుంచి వీడు మీ చుక్కిలాగే కుండలకు కుండలు నీళ్లు తాగుతున్నాడు. పక్కంతా తడుపుతున్నాడు. చిక్కిపోయాడు చూడు." జంబయ్య ఒకడుగు ముందుకేశాడు. "అయ్యయ్యో చెల్లెమ్మా..."

సూరమ్మ లోపలికి వెళ్లి గడ్డి కిందనుంచి వీరన్న మూట తెచ్చింది. సభలో చదవలేదు కాబట్టి ఆ రెండు కుంచాలే పొయ్యి ఎక్కకుండా మిగిలాయి. దాన్ని రాములమ్మ ముందు పెట్టింది.

"ఇంకా ముప్పై ఎనిమిది కావాలి. ఇచ్చేవాళ్లు ఇక్కడ పోసి పోండి. పేర్లు చదివేది లేదు, భోజనాలు లేవు. నిండగానే వైద్యుడు పట్నం వెళతాడు."

గౌరమ్మ ఇంట్లో పనుందంది. కోడిపుంజు గోడ దిగి పోయాడు. సాయంత్రానికి మొత్తం పద్దెనిమిది కుంచాలే అయ్యాయి, అందులో ఆరు మళ్లీ వీరన్నవే. మిగతావాటి కోసం సూరమ్మ ఇప్పటికీ గడపగడపా తొక్కుతోంది. ఆమెకు మతి చెడిందని జంబయ్య ఆమె వెనకే చెప్పుకొస్తున్నాడు. అక్కడ రాములమ్మ తన కొడుకు చెవి పొడుస్తూ, ఇదే ఆఖరుసారి నాన్నా అంటోంది.

నీతి: పేరు చదివించుకోవాలని ఇచ్చిన గింజ ఇచ్చినవాడి విస్తట్లోకే తిరిగి పోతుంది, ఆపదలో ఉన్న బిడ్డకు చేరదు.