పక్క పళ్ళెం

రాజుగారు ఇచ్చిన రెండో ఫర్మానా మూడు రోజులుగా హారిస్ సంచిలోనే ఉంది. దాని మీద అతను ముద్ర వెయ్యాలి. ముద్ర ఉంగరం కుడిచేతి వేలికే ఉంది, లక్క పక్కనే ఉంది, చెయ్యి మాత్రం ఆడటం లేదు.

అతను చమురుబావుల అధికారి. ఎడారిలో ఊరే ముడిచమురుని తోలుతిత్తుల్లో నింపి, ఒంటెల మీద పైదేశాలకి అమ్ముకునే రాజ్యం వాళ్ళది. పంపేది సగానికి తగ్గిస్తే ధర దానంతటదే పెరుగుతుందని సలహా ఇచ్చిన మేధావి హారిసే. పెరిగింది. రాజుగారు శాలువా కప్పారు. ఇప్పుడు ఆ సగంలోనూ సగం తగ్గించమంటున్నారు.

కొండ అవతలి రాజ్యంలో తన పేరెత్తి శాపనార్థాలు పెడుతున్నారని వినకపోయి ఉంటే ఈపాటికి ముద్ర వేసేసేవాడే. నీ తప్పేమీ లేదని ఎవరైనా పెద్దాయన చేత అనిపించుకుంటే చాలనుకున్నాడు. పొద్దున్నే గుర్రమెక్కి, చిన్నప్పుడు తనని చేరదీసి చదువు చెప్పిన సూఫీ గురువు ఇద్రీస్ బాబా దగ్గరికి బయలుదేరాడు.

చేరేసరికి భోజనాల వేళయింది. బాబా అతని గోడు అంతా విని, వంటవాణ్ణి పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. తర్వాత, "కూర్చో నాయనా, తింటూ మాట్లాడుకుందాం" అన్నాడు.

అక్కడి పద్ధతి ఒకటుంది. నేల మీద పొడవాటి గుడ్డ పరిచి, నలుగురికి ఒక పళ్ళెం చొప్పున పులావు వడ్డిస్తారు. ఏ నలుగురి పళ్ళెంలో ఆ నలుగురే తినాలి. హారిస్ పదేళ్ళు ఆ గుడ్డ ముందు తిన్నవాడే.

మరో ముగ్గురితో కలిసి అతనూ కూర్చున్నాడు. వాళ్ళ పళ్ళేనికి ఆనించి ఇంకో పళ్ళెం పెట్టారు. దాని ముందు ఆలస్యంగా వచ్చిన ఒక ముసలాయన ఒక్కడే ఉన్నాడు.

"కొండ అవతలి వాళ్ళకీ బావులున్నాయి బాబా," అన్నాడు హారిస్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "మాది మేం తగ్గించుకున్నాం, అంతే."

"అక్కడి సంతలో చమురు మూడింతలు ప్రియమైందటగా?"

"మా దగ్గర దొరకని బేరగాళ్ళంతా కొండ దాటి ఆ సంత మీద పడ్డారు. ఎంతకైనా కొనుక్కుపోతున్నారు. దానికి నన్నేం చెయ్యమంటారు? వాళ్ళ చమురు ఒక్క చుక్క కూడా మేం ముట్టుకోలేదు."

దూరప్రయాణం చేసి వచ్చాడు కదా, మాటా ముద్దా రెండూ జోరుగానే సాగుతున్నాయి. బాబా అతని చేతివంకే చూస్తున్నాడు.

"ఇది కూడా తిను బాబూ. బాగా ఆకలి మీదున్నట్టున్నావు" అన్నాడు ముసలాయన.

హారిస్ కిందికి చూశాడు. తమ పళ్ళెం ఎప్పుడో ఖాళీ అయింది. తన చెయ్యి పక్క పళ్ళెంలో ఉంది. మిగతా ముగ్గురివీ అందులోనే ఉన్నాయి. మిగిలిన ఒక్క మాంసం ముక్కని ముసలాయన అతనివైపు జరుపుతున్నాడు.

హారిస్ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీరు తిన్నారా?"

"నాకు పళ్ళు లేవు బాబూ. మీ అంత జోరుగా తినలేను."

"ఏ ఊరు మీది?"

"కొండ అవతల. గాజు బుడ్లు ఊదుకుని బతికేవాణ్ణి. చమురు కొనలేక బట్టీ ఆర్పేశాను. ఇక్కడ ఒక పూట పెడతారంటే నడిచొచ్చాను."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అంతసేపూ వాళ్ళ మాటలు విన్నాడో లేదో, ఎవరితో మాట్లాడుతున్నాడో ఆయనకి తెలిసినట్టు లేదు. తిట్టినా బాగుండేదనిపించింది హారిస్‌కి.

బాబా చేతులు కడిగించడానికి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు కూర్చున్నాడు.

"సగమే వడ్డించమన్నది నీ పళ్ళెంలో నాయనా," అన్నాడు మెల్లగా. "ఆకలి మాత్రం ఆయనకి మిగిలింది."

హారిస్ ముద్ర ఉంగరం తీసి బాబా ముందు గుడ్డ మీద పెట్టి, నీళ్ళకి చెయ్యి చాపాడు.