దానమ్మ సున్నం

1968 ఏప్రిల్ 13, శనివారం. పొద్దున మబ్బు పట్టింది. తొమ్మిదింటికి విచ్చుకుంది. పదింటికల్లా ఎండ మాడ్చేసింది. మర్నాడు ఈస్టరు కాబట్టి తేదీ గుర్తుంది. మబ్బు గుర్తుండటానికి కారణం మా ఆవిడ ఆరబోసిన వడియాలు. అది వేరే కథ.

మా పాలెం చర్చికి సుదర్శనం అయ్యగారు పాస్టరు. కృపానందం ఆయన దగ్గర ఉపదేశి పని నేర్చుకుంటున్నాడు. నేను కాలేజీలో తర్కం చదివినవాణ్ణి. ప్రశ్న అన్నాక జవాబుండాలని నా నమ్మకం. అయ్యగారిది మరో పద్ధతి. ఎవరేమడిగినా చేతికో పని అప్పగించేవారు.

"అయ్యగారూ, శత్రువును ప్రేమించాలంటే ముందు మనసును ఎలా సిద్ధం చేసుకోవాలి?" అని అడిగాడు కృపానందం ఆ పొద్దున.

"సమాధుల తోటలో శిలువల మీద పేర్లు చెరిగిపోయాయిరా. నల్లరంగు డబ్బా, సమాధుల రిజిస్టరూ తీసుకెళ్లి, చూసి రాసిరా," అన్నారు అయ్యగారు.

ఈస్టరు ముందు రోజు మావాళ్లు తమ వాళ్ల సమాధులకు సున్నం వేస్తారు. మా నాన్న సమాధి కోసం నేనూ వెళ్లాను. పక్క వరుసలో దానమ్మ అప్పటికే సగం సమాధి తెల్లగా చేసేసింది. ఆమె భర్త యోనా మీద ఫిలేమోను అనేవాడు కోర్టులో దొంగసాక్ష్యం చెప్పాడు. యోనా ఆరు నెలలు జైల్లో ఉండి, దగ్గు పట్టుకుని ఇంటికొచ్చి చనిపోయాడు. ఆ ఏడే ఫిలేమోనూ పోయాడు. ఇద్దరినీ పక్కపక్కనే పెట్టారు. ఫిలేమోనుకు నా అన్నవాళ్లు లేరు. అతణ్ణి క్షమించలేని తాను రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరకు రాకూడదని దానమ్మ నియమం. ఆ సంస్కారం ఇచ్చే ఆదివారం ఒక్కతే వెనక బెంచీలో ఉండిపోయేది. అయ్యగారు ఎంత చెప్పినా కదలలేదు.

కృపానందం రిజిస్టరు తెరిచి పైకే చదివాడు. "మూడో వరుస. తూర్పు నుంచి నాలుగోది ఫిలేమోను, అయిదోది యోనా."

దానమ్మ కుంచె ఆగింది. "ఏందయ్యా చదివావు? మళ్లీ చదువు."

మళ్లీ చదివాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆమె సున్నం వేస్తున్నది నాలుగోదానికి. పదకొండేళ్లుగా దాన్నే కడిగి, దాని మీది ముళ్లూ గడ్డీ పీకి, పక్కదాని మీద పారేస్తూ వచ్చింది.

కుండ ఎత్తి పడేస్తుందనుకున్నాను. కృపానందం మొహం రిజిస్టరు కాగితంలా పాలిపోయింది. దానమ్మ అయిదో సమాధి దగ్గర కూలబడి, ఉత్త చేతులతోనే ముళ్లు లాగసాగింది.

"నీ మీద చెత్త పోశానా సచ్చినోడా! ఒక్కసారన్నా కలలోకొచ్చి చెప్పగూడదూ?" అని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నాలుగోదాని వైపు తిరిగింది. "నువ్వు మాత్రం చెప్పావా? దొరబాబులాగా పూయించుకున్నావు!"

యోనా సమాధి శుభ్రమైంది, తెల్లబడింది. కుండలో ఇంకా సున్నం ఉంది. కుంచె పట్టుకుని ఆమె నాలుగోదాని వైపు చూసింది.

"సగం పూసి వదిలితే చూసినోళ్లు నన్నే అంటారు," అని గొణిగి, వెళ్లి ఫిలేమోను సమాధి రెండో సగం పూసేసింది.

కబురు విని అయ్యగారు గొడుగు కూడా లేకుండా వచ్చారు. "తప్పు నాదే దానమ్మా. ఆ ఏటి గాలివానకు పడిన శిలువలు మళ్లీ పాతించి, ఇదే మీ ఆయనదని చూపించింది నేనే."

"పోనీలెండయ్యగారూ. ముందే తెలిస్తే పూసేదాన్నా?" అంది, చేతుల సున్నం కొంగుకు తుడుచుకుంటూ.

మర్నాడు ఆమె వెనక బెంచీ నుంచి లేచి వచ్చి, బల్ల ముందు మోకాళ్లూనింది. అయ్యగారు ద్రాక్షరసం గిన్నె ఆమెకు అందించారు.

తొమ్మిదేళ్లకు, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం దాటాక దానమ్మ పోయింది. ఇల్లు చెల్లెలి కూతురు సులోచనకు వచ్చింది. రెండు మేకలు పక్కింటివాళ్లకు. సున్నపు కుండ, కుంచె కృపానందానికి, రెండు సమాధులూ చూసుకోవాలన్న షరతు మీద. అయ్యగారికి ఏమీ రాలేదు.

ఆమెను పూడ్చి వస్తుంటే దారిలో కృపానందం అన్నాడు: "అయ్యగారూ, నా ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పనే లేదు."

"ఎల్లుండి శనివారం," అన్నారు అయ్యగారు. "సున్నం నానబెట్టావా?"