మాట మార్చని ముల్లు

సంస్థానం పోయినా దర్జా పోని జగ్గరాజుగారి పాత స్పోర్ట్స్ కారు ఎత్తు రోడ్డు ఎక్కనని మొండికేసింది. మెకానిక్ సింహాద్రి ఇంజనులోకి వెళ్లే గాలిని కొలిచే సెన్సరుకు ఓల్టు మీటరు తగిలించి, యాక్సిలరేటరు తొక్కమన్నాడు. రాజుగారు ఎంత తొక్కినా మీటరు ముల్లు కదల్లేదు.

"భేష్! మాట మీద నిలబడింది. ఇలాంటివాళ్లే నా కొలువులో ఉండాలి!"

"అదే దాని జబ్బు దొరా," అన్నాడు సింహాద్రి. "గాలి పెరిగితే మాట మార్చాలి. మార్చలేదు గనకే బండి ఆగిపోయింది."

రాజుగారి మొహం వాడిపోయింది. ఘాట్ రోడ్డున వెళ్దామని పొద్దున చెప్పి, వాన పడగానే వద్దన్నందుకు, మాట మార్చాడంటూ డ్రైవరు గవరయ్యను గెంటేసింది తనే.

"గవరయ్యను రమ్మనరా," అన్నారు మెల్లగా.

"మళ్లీ మీ గడప తొక్కనన్నాడు దొరా. వాడూ ఇప్పుడు మాట మార్చడం మానేశాడు."