నక్క చెవిలో చెప్పాల్సిన మాట

ఎర్రకొండ అడవిలో కబురు కాలికంటే ముందు పోయేది. చెట్టు మీద కొండముచ్చు కేక పెడితే దుప్పులు వినేవి, దుప్పులు కాలితో నేల తడితే పందులు వినేవి. ఎవరు ఎవరితో ఏం చెప్పుకున్నా అడిగేవాడు లేడు.

ఆ ఎండాకాలం ఒక గోరువంక తమాషాకు "మంట! మంట!" అని అరిచింది. మందలన్నీ వాగులోకి దూకాయి. తొక్కిసలాటలో ఒక పందిపిల్ల కాలు విరిగింది. అందరూ ఓట్లేసి ఎన్నుకున్న పెద్ద, అడవిదున్న నల్లప్ప, వెంటనే సభ పెట్టాడు.

నక్క కొండప్ప లేచాడు. "అందరి క్షేమం కోసమే చెప్తున్నా. ఇకమీదట కేకైనా గుసగుసైనా ముందు నా చెవిలో పడాల. నేను సరేనంటేనే బయటికి పోవాల."

"తల్లి బిడ్డను పిలుచుకునేది కూడానా?" అంది దుప్పి పెంచలమ్మ. ఆమె నిండు చూలుతో ఉంది.

"తప్పు చేయనోళ్లకు భయమెందుకు తల్లీ? నాకు చెప్పింది నా కడుపులోనే ఉంటుంది."

భయపడ్డవాళ్లకు ఏ తాళమైనా మంచిదే అనిపిస్తుంది. సభ తలూపింది. ఆ తలూపుడు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే గదా!

దుప్పి తన కూనను గడ్డిలో దాచి నీళ్లకు పోతుంది. తిరిగొచ్చి సన్నగా పిలిస్తే గానీ కూన కదలదు. ఇప్పుడా పిలుపుకూ అనుమతి కావాలి, ఎక్కడ పిలుస్తారో ముందే చెప్పాలి. పది రోజుల్లో రెండు కూనలు మాయమయ్యాయి.

"చిరుత పనే," అన్నాడు కొండప్ప మూతి నాక్కుంటూ.

అంతలో పెంచలమ్మ ఈనింది. బిడ్డను చూసిన ప్రతిసారీ ఆమెకు మాయమైన ఆ రెండు కూనలే గుర్తొచ్చేవి. అనుమతి లేని గుసగుస నేరమే అయినా, కొండముచ్చు ఓబులేసు దగ్గరికి పోయింది.

"అన్నా, ఆ కూనలను ఎక్కడ దాచారో తల్లులకు కాక ఎవరికి తెలుసు?"

"ఇంకొక్క చెవికి తెలుసు. కానీ అనుమానం చాలదు చెల్లీ, రుజువు కావాల."

"రుజువు నేను తెస్తా. రేపు కొండప్ప ఎటు పోతాడో నువ్వు చెట్ల మీదినుంచి చూస్తుండు, చాలు."

మర్నాడు పొద్దున్నే ఆమె కొండప్ప చెవిలో చెప్పింది: "అయ్యా, నా బిడ్డ పుట్ట పక్క రేగుపొదలో ఉంది. మధ్యాహ్నం వచ్చి పిలుచుకుంటా."

అసలు కూన వాగు అవతల గడ్డిలో ఉంది. రేగుపొదలో పడుకునేది ముళ్లపంది. పగటి నిద్ర చెడగొడితే అతనికి మంచీ మర్యాదా తెలియవు.

మధ్యాహ్నం కాకముందే ఆ పొదలోంచి పెద్ద ఊళ లేచింది. దానికి ఎవరి అనుమతీ లేదు.

అందరూ పరిగెత్తి వచ్చేసరికి కొండప్ప మూతినిండా ముళ్లే. "కళ్లారా చూసినాను," అన్నాడు ఓబులేసు పైనుంచి. "నోరు తెరుచుకునే దూరినాడు."

"కాపలాకు పోయినాను! నేను కూనల్ని తినేవాణ్నా?"

"తిన్నావని ఎవరన్నారప్పా?" అన్నాడు నల్లప్ప. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోనే తడుముకున్నాడు.

పెంచలమ్మ ముందుకొచ్చింది. "పెద్దాయనా, ఆ పొద మాట ఈయన చెవిలో తప్ప ఎక్కడా అనలేదు. నా బిడ్డ అసలక్కడ లేదు."

నల్లప్ప తలొంచుకున్నాడు. "దొంగ చేతికి తాళాలిచ్చింది నేనే. ఆ రెండు కూనలను తిరిగి తేలేను." అప్పటికప్పుడే కొండప్పను కొమ్ములతో కొండ దాటించాడు.

"మళ్లీ ఎవరైనా ఉత్తుత్తి మంట అని అరిస్తే?" అంది కాలు విరిగిన పిల్ల తల్లి. న్యాయమైన ప్రశ్నే.

"అరిచినోణ్ని సభలో నిలబెట్టి అడుగుదాం. ఎవరి గుసగుసైనా వినక తప్పదంటే, ఎందుకో ముందు సభకు చెప్పి, ముగ్గురు కలిసి వినాల. తల్లి పిలుపు జోలికి మాత్రం ఎవరూ పోకూడదు," అన్నాడు నల్లప్ప.

పెంచలమ్మ అప్పటికే వాగు దాటేసింది. ఎవరినీ అడగకుండా సన్నగా పిలిచింది. గడ్డి కదిలి, కూన తూలుతూ వచ్చి పొదుగు వెతుక్కుంది. హమ్మయ్య అనుకుని, ఆ తల్లి చాలా రోజుల తర్వాత నిశ్చింతగా కునుకు తీసింది.

కొండప్ప మాత్రం కొండ అవతల ఒక్కడే కూర్చుని మూతి ముళ్లు పీక్కుంటున్నాడు.

కాపలా పెట్టుకోవాల్సిందే, కాపలావాడి మీదా ఒక కన్ను వేయాల్సిందే.