ఎడంవైపు చూసే చేప

అనగనగా ఒక ఊళ్ళో ఒక గాజులమ్మ... ఆగాగు, ఏ ఊళ్ళోనని చెప్పను నాన్నా? ఆవిడకి ఊరంటూ ఉంటేగా! పేరు సన్యాసమ్మ. భుజాన గాజుల మలారం వేసుకుని ఊరూరా తిరిగేది. పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఇంకో ఊరు, పొద్దుగూకితే ఎవరిదో ఒక అరుగు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. పాపం, ఆవిడ దారి తప్పినా వెతికేవాళ్ళు లేరు.

ఒకసారి ఆవిడ అమ్మవారి తీర్థానికి వెళ్ళింది. తీర్థమంటే తెలుసుగా, ఇసకేస్తే రాలనంత జనం. పొద్దు వాలింది, బళ్ళు కదిలిపోయాయి. అప్పుడు చూస్తే మలారం పక్కన ఒక పిల్ల కూర్చుని ఏడుస్తోంది. నీకంటే చిన్నది. వాళ్ళమ్మేమో పిల్ల అత్తల బండిలో ఉందనుకుంది. అత్తలేమో అమ్మ బండిలో ఉందనుకున్నారు.

"నీ పేరేటే?" అంది సన్యాసమ్మ.

"బుజ్జి."

"మీ అమ్మ పేరు?"

"అమ్మ."

"ఏ ఊరే మీది?"

"మా ఊరు."

ఇంకేం చెప్తాం! సన్యాసమ్మకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. తీర్థమంతా తిప్పింది. మా పిల్లేనని ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఇంత అన్నం కలిపి పెట్టి, తన పక్కలోనే పడుకోబెట్టుకుంది.

తెల్లారాక పిల్ల కాళ్ళు కడుగుతుంటే వెండి కడియం కొసన, లోపలివైపు, రెండు బుల్లి గుర్తులు కనిపించాయి. ఒకటి చుక్క, ఒకటి చేప. నీ చెవి దిద్దుల వెనకా ఉంటాయి అలాంటివి, రేపు పొద్దున చూపిస్తాలే. వీటి సంగతి కంసాలికే తెలియాలి అనుకుని, సన్యాసమ్మ పిల్లని చంకనేసుకుని బయల్దేరింది.

మొదటి కంసాలి కడియం తిప్పి చూశాడు. "ఈ చుక్క ఉందే, ఇది వెండి మంచిదని చెప్పే గుర్తు. కల్తీ లేదమ్మా" అన్నాడు.

"వెండి మంచిదైతే నాకేటి బాబూ? పిల్ల ఎవరిదో చెప్పు."

"అది చుక్క చెప్పదు. చేప చేసినవాడి ముద్ర. వాణ్ణి పట్టుకో" అన్నాడు.

అప్పుడు రెండో కంసాలి దగ్గరికి వెళ్ళింది. ఆయన చూడగానే పోల్చాడు. "చేప ముద్ర ఏటవతల కంసాళ్ళది. పడవెక్కి వెళ్ళు" అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. రేవు దగ్గరికి వచ్చేసరికి సన్యాసమ్మ కాళ్ళు ముందుకు పడలేదు. ఆ పిల్ల ఆవిడ మెడ చుట్టూ చేతులేసి, భుజమ్మీద తల ఆనించి పడుకుంది. ఎన్నేళ్ళయిందో అలా ఒక పిల్ల ఆవిడ మెడ పట్టుకుని! పడవ ఎక్కితే పిల్ల పోతుంది. ఎక్కకపోతే? అడిగేవాడెవడు? కడియాలు తీసి ఏట్లో పడేస్తే సరి, ఈ పిల్ల నా పిల్లే అనుకుంది. తప్పే. కానీ ఆవిణ్ణి తిట్టకు నాన్నా, ఒంటరి మనిషి.

అంతలో బుజ్జికి మెలకువ వచ్చింది. మలారంలోంచి ఆకుపచ్చ గాజులు ఏరి, తన చేతికేసుకుని చూసుకుంది. గాజులు జారిపోయాయి. "ఇవి అమ్మకి" అంది.

సన్యాసమ్మ కళ్ళు తుడుచుకుని పడవెక్కింది.

ఆ తర్వాత ఏటవతల కంసాళ్ళ వీధికి చేరింది. మూడో కంసాలి పండు ముసలాయన. కడియం పట్టుకుని చూసి, బోసినోటితో ఒకటే నవ్వు. "మా చేపలన్నీ కుడివైపు చూస్తాయి. ఇదేటి ఎడంవైపు చూస్తోంది! ఒరే అప్పలాచారీ, నీ చేప ఈదుకుంటూ వచ్చిందిరా!"

వీధంతా నవ్వింది. పాపం, అప్పలాచారి తల వంచుకుని వచ్చాడు. పని కొత్తలో వాడొక పొరపాటు చేశాడు. ముద్ర కొట్టే అచ్చు మీద బొమ్మ తిరగేసి చెక్కాలి, అప్పుడే వెండి మీద సరిగ్గా పడుతుంది. వాడు ఆ సంగతి మరిచిపోయి తిన్నగా చెక్కేశాడు. చేప కాస్తా వెనక్కి తిరిగింది. అందరూ నవ్వితే సిగ్గుపడి, ఆ అచ్చు పెట్టెలో పడేసి ఇంకోటి చెక్కుకున్నాడు.

"ఆ అచ్చుతో కొట్టింది ఈ ఒక్క జతే అప్పా" అన్నాడు. "చెరిపి మళ్ళీ కొడతాను, తెమ్మని బతిమాలాను. ఈ పిల్ల తల్లి వినలేదు. చేప ఎటు చూస్తే ఏటి బాబూ, నా పిల్ల నడిస్తే చాలు అంది. పక్కూరే. పైడమ్మ కూతురు!"

అప్పుడు సన్యాసమ్మ, బుజ్జి, అప్పలాచారి ముగ్గురూ పరుగు లాంటి నడకతో పైడమ్మ ఇంటికెళ్ళారు. వెతికి వెతికి గొంతు పోయి గుమ్మంలో కూలబడి ఉంది పైడమ్మ. పిల్లని చూడగానే ఎలా హత్తుకుందో! నువ్వు తప్పిపోతే మీ అమ్మ ఎలా హత్తుకుంటుందో అలా.

సన్యాసమ్మ ఆకుపచ్చ గాజులు గడప మీద పెట్టి, మలారం ఎత్తుకుని వెళ్ళిపోబోయింది. బుజ్జి పరుగెత్తుకొచ్చి కొంగు పట్టుకుంది. పైడమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇంక కదలనిస్తారా?

నాలుగు రోజులు ఉంచేసుకున్నారు. ఆ నాలుగు రోజుల్లో అప్పలాచారి పెట్టె అడుగునుంచి పాత అచ్చు తీశాడు. సన్యాసమ్మ వేలికి ఒక వెండి ఉంగరం చేసి, దాని మీద ఎడంవైపు చూసే చేపని టక్కున కొట్టాడు.

"నాకెందుకు బాబూ ఇది?" అంది సన్యాసమ్మ.

పైడమ్మ ఆ ఉంగరం ఆవిడ వేలికి తొడిగింది. "ఊరూరా తిరిగేదానివి అప్పా. ఎక్కడైనా దారి తప్పితే, ఈ చేపని చూసి నిన్ను మా ఇంటికే పంపిస్తారు" అంది.

ఊఁ కొట్టడం మానేశావేం? నిద్దరొచ్చిందా?

కథేమో కంచికి,
చేపేమో ఏటికి,
గాజులమ్మ బుజ్జి ఇంటికి,
నువ్వేమో నా పక్కలోకి!